తలుపు ఎవరికి తెరుచుకుంది? – ట్యూడర్ సౌధాలపై ఒక ధర్మవిచారణ

ఒక మహాసౌధం ఎదుట నిలబడిన మనిషిలో రెండు ప్రశ్నలు పుడతాయి. ఎంత అందంగా ఉంది అని కన్ను ఆశ్చర్యపోతుంది. ఎవరి సొమ్ముతో కట్టారు అని బుద్ధి ఆరా తీస్తుంది. ఈ రెండింటికీ పొత్తు కుదరదు. సౌందర్యోపాసకులు రెండవ ప్రశ్నను అరసికమని తోసిపుచ్చుతారు. న్యాయచింతనాపరులు మొదటి ప్రశ్నను బాధ్యతారహితమని ఆక్షేపిస్తారు. ఈ రెండు దృక్పథాలకూ ఆవల మరొక కొలమానం ఉన్నదేమో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇందుకు ఇంగ్లండును 1485 నుంచి 1603 వరకు ఏలిన ట్యూడర్ వంశపు కాలాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. ఆ కాలపు సౌధాలు అనేకం నేటికీ నిలిచి ఉన్నాయి. వాటిని ఎలా సంపాదించారో, ఎలా కట్టారో తెలిపే దస్తావేజులు కూడా నిలిచి ఉన్నాయి. భవనమూ, దాని లెక్కల పుస్తకమూ ఒకేసారి మన ముందుండే సందర్భాలు చరిత్రలో అరుదు.

1485లో బోస్‌వర్త్ యుద్ధరంగంలో విజయం సాధించి ఏడవ హెన్రీ సింహాసనమెక్కే నాటికి ఇంగ్లండు ప్రభువులు దీర్ఘకాలపు అంతర్యుద్ధాలతో అలసిపోయి ఉన్నారు. అంతవరకు పెద్ద ఇల్లంటే కోట: చుట్టూ అగడ్త, మందమైన గోడలు, బాణం పట్టేంత సందులు. ట్యూడర్ల పాలనలో అంతఃకలహాలు క్రమంగా తగ్గాయి. గోడ తన రక్షణధర్మాన్ని వదులుకుని కిటికీకి చోటిచ్చింది. ఇటుక నిర్మాణం విస్తరించింది, గాజు వాడకం పెరిగింది, పొగగూళ్ళు ఇంటింటా లేచాయి. 1577లో తన దేశవర్ణనను ప్రచురించిన విలియం హారిసన్, తన ఊరి వృద్ధులు తమ జీవితకాలంలోనే చూసిన మార్పులుగా మూడింటిని పేర్కొన్నాడు. పొగగూళ్ళు పెరగడం, పడకలు మెరుగుపడడం, కొయ్యపాత్రల స్థానంలో లోహపాత్రలు రావడం ఆ మూడూ. అంటే గృహసౌఖ్యం ప్రభువుల దగ్గరే ఆగిపోలేదు. కొంత మేరకు మధ్యతరగతి రైతు ఇంటికీ చేరింది. ఆ యుగాన్ని కేవలం దోపిడీ యుగంగా చిత్రించడం సత్యానికి న్యాయం చేయదు.

అయితే రాజుకూ రాజోద్యోగులకూ దక్కిన వైభవం చరిత్ర వేరు. కసాయివాని కొడుకుగా చెప్పబడే థామస్ వోల్సీ, చర్చిలోనూ రాజాస్థానంలోనూ అత్యున్నత పదవులకు ఎదిగి, 1515 ప్రాంతంలో థేమ్స్ నది ఒడ్డున హాంప్టన్ కోర్టు నిర్మాణం ఆరంభించాడు. పదిహేనేళ్ళు తిరగకముందే ఆ సౌధం ఎనిమిదవ హెన్రీ వశమైంది. 1529లో పదవీచ్యుతుడైన వోల్సీ, మరుసటి ఏడాది రాజద్రోహ నేరం మోపబడి, విచారణకు తీసుకువెళుతుండగా దారిలోనే మరణించాడు. రాజు అక్కడ కొత్త మహాశాలను కట్టించాడు. వంటశాలలను సుమారు 600 మందికి రోజుకు రెండు పూటలా వండిపెట్టగలిగేంతగా విస్తరింపజేశాడు. యజమానిని మించిన ఇల్లు కట్టిన సేవకుని గతి ఏమిటన్నది ఆనాటి ఉద్యోగులందరూ చూశారు. చూసి కూడా కట్టడం మానలేదు.

వారికి స్థలమూ, రాయీ, సీసమూ సమకూర్చిన ఘటన మఠాల రద్దు. 1536లో సాలుకు 200 పౌన్ల లోపు ఆదాయం గల చిన్న మఠాలను రద్దు చేస్తూ పార్లమెంటు చట్టం చేసింది. 1539 నాటి చట్టం పెద్ద మఠాల స్వాధీనాన్ని కూడా ధ్రువపరచింది. 1540 మార్చిలో వాల్తమ్ మఠం లొంగిపోవడంతో ఆ కార్యక్రమం ముగిసింది. నాలుగేళ్ళలో సుమారు 800 మఠాలు కనుమరుగయ్యాయి. దేశంలోని భూమిలో గణనీయమైన భాగం చేతులు మారింది.

పరిపాలనా రంగంలో ఉన్నవారు ఇక్కడ ప్రత్యేకంగా గమనించవలసిన విషయం ఒకటున్నది. ఈ కార్యం కొల్లగాళ్ళ దండు చేసింది కాదు, కచేరీ చేసింది. ముందుగా 1535లో దేశంలోని మతసంస్థల ఆదాయమంతా 'వాలర్ ఎక్లీసియాస్టికస్' అనే మహా లెక్కల గ్రంథంలో నమోదయింది. తరువాత తనిఖీ అధికారులు వెళ్ళి నివేదికలు సమర్పించారు. ఆస్తుల నిర్వహణకు 1536లో ప్రత్యేక న్యాయస్థానం ఏర్పడింది. ప్రతి మఠంలోనూ జాబితాలు రాశారు, ముద్రలు స్వాధీనం చేసుకున్నారు, అప్పగింత పత్రాలపై మఠవాసుల చేత సంతకాలు చేయించారు. పైకప్పుల సీసాన్ని కరిగించి దిమ్మెలుగా పోసి తూచారు. గంటలను లోహం విలువకు లెక్కగట్టారు. సన్యాసులకు పింఛన్లు మంజూరయ్యాయి. సన్యాసినులకు మాత్రం అంతకంటే తక్కువ దక్కింది. ఉత్తర ఇంగ్లండులో 1536లో ప్రజలు తిరగబడినప్పుడు రాజు వాగ్దానాలు చేశాడు. ఉద్యమం చల్లబడిన తరువాత, 1537లో, నాయకుడైన రాబర్ట్ ఆస్క్‌ను ఉరితీయించాడు. గ్లాస్టన్‌బరీ మఠాధిపతి రిచర్డ్ వైటింగ్‌ను 1539లో ఉరితీశారు. యంత్రాంగమంతా నడిపిన థామస్ క్రామ్‌వెల్ తల 1540లో తెగిపడింది. దస్త్రాలు మాత్రం సక్రమంగానే ఉన్నాయి.

ఆ తరువాత రాళ్ళు ప్రయాణం ప్రారంభించాయి. విల్ట్‌షైర్‌లోని లేకాక్ మఠాన్ని కొనుక్కున్న విలియం షారింగ్టన్ ప్రార్థనాలయాన్ని కూల్పించి, సన్యాసినులు నడయాడిన స్తంభశాలలను తన నివాసంలో కలుపుకున్నాడు. టిచ్‌ఫీల్డ్‌లో థామస్ రయోథెస్లీ ఏకంగా ప్రార్థనాలయపు మధ్యశాలను చీల్చి తన ఇంటి సింహద్వారంగా మార్చాడు. జాన్ థిన్ 1540లో లాంగ్‌లీట్ మఠాన్ని కొన్నాడు. నలభయ్యేళ్ళపాటు, మధ్యలో 1567 నాటి అగ్నిప్రమాదాన్ని కూడా తట్టుకుని, ఇంగ్లండు వాస్తుచరిత్రను మలుపు తిప్పిన సౌధాన్ని అక్కడ నిర్మిస్తూనే కన్నుమూశాడు. రాజు స్వయంగా 1538లో సర్రీలో 'నాన్‌సచ్', అంటే సాటిలేనిది, అనే ప్రాసాదం ఆరంభించాడు. దానికోసం కడింగ్టన్ అనే ఊరిని, ఊరి చర్చితో సహా, తొలగించారు. పునాదులకు మెర్టన్ మఠపు రాళ్ళు తరలించారు. 1959లో పురావస్తుశాఖీయులు ఆ స్థలాన్ని తవ్వినప్పుడు, శిల్పాలు చెక్కిన మఠపు రాళ్ళు పునాదుల్లో బయటపడ్డాయి. ఒకనాడు కళ్ళెదుట ఉండేందుకు చెక్కిన రాయిని ఎవరికీ కనపడకుండా మట్టిలో పూడ్చి, దానిపై సాటిలేని ఇల్లు కట్టారన్నమాట.

చట్టప్రకారం జరిగింది కాబట్టి ఇది న్యాయమేనా? ఆనాటి కొనుగోలుదారులు ఔననే అనుకున్నారు. వారి దగ్గర క్రయపత్రం ఉంది, రాజముద్ర ఉంది, పార్లమెంటు శాసనం ఉంది. కాని చట్టబద్ధత అన్నది ఒక పని ఏ పద్ధతిలో జరిగిందో చెబుతుంది. ఆ పని జరగవచ్చునా అన్నదానిపై అది మౌనం వహిస్తుంది. దస్త్రం శుభ్రంగా ఉంటే మనస్సాక్షి కూడా శుభ్రంగా ఉన్నట్లే అనుకోవడం పాలనావ్యవస్థలకు సహజమైన ప్రలోభం. ఈ ప్రలోభం ట్యూడర్ ఇంగ్లండుకే పరిమితం కాదు. జాబితా ఎంత నిర్దుష్టంగా ఉంటే, జాబితాలో లేనిదానిని అంత సులభంగా మరచిపోతాం. సీసాన్ని తూచినవారు, ఆ కప్పు కింద రాత్రి తలదాచుకునే బాటసారిని ఏ పద్దు కింద రాయాలో ఎరుగరు.

ఇక్కడొక ఆసక్తికరమైన పరీక్ష చరిత్ర తనంతట తానే పెట్టింది. 1553లో మేరీ సింహాసనమెక్కి దేశాన్ని తిరిగి రోమన్ కాథలిక్ మతం వైపు మళ్ళించింది. మఠాల రద్దు పాపకార్యమని రాణి నమ్మింది. పార్లమెంటులో ఆమెతో ఏకీభవించినవారూ ఎందరో ఉన్నారు. కాని మఠాల భూములు ప్రస్తుత యజమానులకే ఉంటాయన్న హామీ లభించేవరకు రోముతో సంధికి వారు సమ్మతించలేదు. రాణి తన అధీనంలోని కొన్ని ఆస్తులను మాత్రం తిరిగి ఇచ్చింది. మతం మారినప్పుడు మారిన మనుషులు, మతం తిరిగి వచ్చినప్పుడు కూడా ఆస్తిని మార్చలేదు. విశ్వాసాలకంటే దస్తావేజులు గట్టివని అప్పుడు తేటతెల్లమైంది.

మన పెద్దలు పాపం పండుతుందంటారు. ఇంగ్లండులోనూ ఆ నమ్మకం ఉంది. హెన్రీ స్పెల్మన్ అనే పండితుడు, మఠాల భూములు అనుభవించిన కుటుంబాలకు కలిగిన అరిష్టాలను వరుసగా పేర్కొంటూ ఒక గ్రంథమే రచించాడు; అది ఆయన మరణానంతరం 1698లో వెలువడింది. కాని నిష్పాక్షికంగా చూస్తే ఈ వాదం నిలవదు. వోబర్న్ మఠాన్ని పొందిన రస్సెల్ వంశం డ్యూకులై శతాబ్దాల తరబడి వర్ధిల్లింది. లాంగ్‌లీట్‌లో థిన్ సంతతి నేటికీ ఉంది. కొన్ని వంశాలు అంతరించాయి నిజమే. మఠాల జోలికి పోని వంశాలూ అంతరించాయి. చరిత్ర దండనాధికారి కాదు. తప్పు చేసినవారిని కాలమే శిక్షిస్తుందన్న నమ్మకం మనకు ఊరటనిస్తుంది, అంతకంటే ఎక్కువగా మన తీర్పు బాధ్యతను వాయిదా వేస్తుంది. కాలం శిక్షించదు గనుకనే విచారించే పని మనుషుల మీద పడింది.

విచారించేటప్పుడు రెండవ పక్షాన్ని కూడా వినవలసి ఉంది. మఠాలు మాత్రం నిష్కళంకమైనవా? అవి కూడా పెద్ద భూస్వాములే. ఉన్ని ధర పెరగడంతో సాగుభూములకు కంచెలు వేసి, రైతులను వెళ్ళగొట్టి, గొర్రెల పచ్చికలుగా మార్చిన వారిని థామస్ మోర్ 1516 నాటి తన 'యుటోపియా'లో తీవ్రంగా విమర్శించాడు. ఆ జాబితాలో ఆయన మఠాధిపతులను కూడా చేర్చాడు. మఠపు రాళ్ళను మోసిన కూలీ ఎవరో, అతనికి దక్కిందేమిటో మనకు తెలియదు. అంతకుముందు ఆ నేల నార్మన్ విజేతలు సాక్సన్ల నుంచి లాక్కున్నదే కావచ్చు. ఇలా వెనక్కు తవ్వుకుంటూ పోతే, ఏ పునాది కిందనైనా మరొక పునాది, దానికింద మరొక అన్యాయం కనబడుతుంది. మూలశుద్ధి గల ఆస్తి భూమిమీద దొరకదు.

అలాగని ప్రశ్న రద్దయిపోదు. మూలాన్ని బట్టి తీర్పు చెప్పలేనప్పుడు ప్రయోజనాన్ని బట్టి చెప్పాలి. ఈ ఇల్లు ఎవరి నుంచి వచ్చింది అన్నదానితో పాటు, దీని తలుపు ఎవరికి తెరుచుకుంది అని అడగాలి. మఠం ఎంత లోపభూయిష్ఠమైనదైనా దాని ద్వారం దగ్గర భిక్ష దొరికేది, ప్రయాణికుడికి విడిది ఉండేది, రోగికి పడక ఉండేది. రద్దు తరువాత లండన్ వీధులలో దిక్కులేని రోగుల సంఖ్య పెరగడంతో నగరపాలకులు రాజును అర్థించారు. 1546లో సెయింట్ బార్తొలోమ్యూ ఆసుపత్రిని నగరానికి అప్పగించారు. అనాథల, నిరుద్యోగుల సమస్య ముదిరి, చివరికి 1597లోను, 1601లోను సమగ్రమైన పేదల చట్టాలు చేయవలసి వచ్చింది. ఈ దారిద్ర్యానికి మఠాల రద్దు ఒక్కటే కారణం కాదు. జనాభా పెరిగింది, ధరలు పెరిగాయి, పంటలు పోయాయి. అయినా నాడు మూతపడిన తలుపుల లోటు అందులో తప్పక ఉంది.

కొత్త సౌధాల లోపల కూడా తలుపుల చరిత్ర ఇదే దిశలో నడిచింది. మధ్యయుగపు గృహంలో ప్రధానమైనది మహాశాల. యజమాని, పరివారం, సేవకులు, అతిథులు అంతస్తుల వారీగానైనా ఒకే కప్పు కింద భోంచేసేవారు. ట్యూడర్ కాలంలో యజమాని క్రమంగా పైఅంతస్తు ఏకాంత మందిరానికి తరలిపోయాడు; మహాశాల సేవకుల భోజనశాలగా, ప్రవేశమార్గంగా మిగిలింది. సుఖం పెరిగింది, సహపంక్తి పోయింది. వరుసగా పంటలు దెబ్బతిన్న 1590ల నడుమ, 1596లో, లండన్‌లో కాలక్షేపం చేస్తున్న ప్రభువులను తమ తమ గ్రామాలకు తిరిగి వెళ్ళి ఆతిథ్యధర్మం నెరవేర్చవలసిందిగా ఎలిజబెత్ ప్రభుత్వం ఉత్తర్వు జారీ చేయవలసి వచ్చింది. అన్నం పెట్టడం ఆచారంగా ఉన్నంతకాలం ఉత్తర్వు అవసరం లేదు. ఉత్తర్వు వచ్చిందంటే ఆచారం సడలిందని అర్థం.

మరి ఆ ఇళ్ళ తలుపులు ఎవరికోసం తెరుచుకున్నాయి? చాలావరకు ఒకే ఒక్క అతిథి కోసం. ఎలిజబెత్ రాణి వేసవికాలంలో పరివారంతో పర్యటిస్తూ ప్రభువుల ఇళ్ళలో విడిది చేసేది. ఆమెకు తగిన ఇల్లు కట్టడమే మంత్రుల జీవితలక్ష్యమైంది. విలియం సెసిల్ అందుకే థియోబాల్డ్స్‌ను పెంచుతూ పోయాడు. క్రిస్టఫర్ హాటన్ నార్తాంప్టన్‌షైర్‌లోని హోల్డెన్‌బీలో, 1583 నాటికి, దేశంలోని అతిపెద్ద గృహాలలో ఒకటిగా చెప్పదగిన సౌధాన్ని రాణికి అంకితంగా లేపాడు. ఆమె ఆ ఇంట అడుగుపెట్టలేదనే చెబుతారు. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మనవాళ్ళు. హాటన్ పెళ్ళి చేసుకోలేదు గాని ఇల్లు కట్టి చూశాడు. 1591లో రాజకోశానికే పెద్ద మొత్తం బాకీపడి మరణించాడు. ఆ సౌధం తరువాత రాజు చేతికి వెళ్ళింది. 1647లో మొదటి చార్లెస్‌కు బందీఖానా అయింది, కొద్దికాలానికే చాలా భాగం నేలమట్టమైంది. 1583 అని చెక్కిన రెండు తోరణాలు నేటికీ పచ్చికలో నిలబడి ఉన్నాయి. రాని అతిథికోసం తెరిచిన ఆ ద్వారాల వెనుక ఇల్లు లేదు.

ఇందుకు భిన్నంగా కనిపించే సౌధం డెర్బీషైర్‌లోని హార్డ్‌విక్ హాల్. సామాన్య జమీందారు ఇంట పుట్టి, నాలుగు వివాహాలతో దేశంలోని అతిసంపన్నులలో ఒకరైన ఎలిజబెత్ టాల్బట్, 'హార్డ్‌విక్ బెస్'గా ప్రసిద్ధురాలు, దానిని 1590-97 మధ్య కట్టించింది. రూపకల్పన రాబర్ట్ స్మిత్‌సన్‌దని పండితుల నిర్ణయం. పై అంతస్తుకు పోయినకొద్దీ గదుల ఎత్తూ కిటికీల ఎత్తూ పెరుగుతాయి. కింద సేవకులు, నడుమ కుటుంబం, శిఖరాన రాచమర్యాదల మందిరాలు. గోడలకంటే గాజే ఎక్కువన్న నానుడి పుట్టింది. బురుజుల నెత్తిన ఆమె పేరులోని తొలి అక్షరాలు, దూరం నుంచి వచ్చేవారికి కనబడేంత పెద్దవిగా, రాతిలో నిలిచాయి. ఈ ఇంటి నిర్మాణకాలంలోనే పంటలు పోయి దేశం ఆకలితో అలమటించింది. అయినా ఏడేళ్ళపాటు అక్కడి తాపీపనివారికి, వడ్రంగులకు, కూలీలకు వేతనాలు అందాయని నేటికీ ఉన్న లెక్కల పుస్తకాలు చెబుతున్నాయి. అదే దశకంలో ఆమె డెర్బీలో పన్నెండు మంది పేదలకోసం ఆశ్రమగృహం కూడా కట్టించింది. అద్దాల మేడ ఒకవైపు, పన్నెండు పడకలు మరొకవైపు. ఈ రెండింటినీ ఒకే తక్కెడలో వేయలేం. ఏదో ఒకదాన్ని మరచిపోనూ లేం.

కట్టినవారి మాట వచ్చింది గనుక ఒక మాట. ట్యూడర్ సౌధాలకు యజమానుల పేర్లే నిలిచాయి. 1614లో మరణించిన స్మిత్‌సన్‌కు మాత్రం వొల్లటన్ చర్చిలోని సమాధిఫలకం వాస్తుశిల్పి అన్న గౌరవనామాన్ని ఇచ్చింది. రాతిపనివాడుగా జీవితం ప్రారంభించిన వ్యక్తికి ఆ దేశంలో ఆ మాట దక్కడం కొత్త. ఆ సౌధాల సౌందర్యంలో యజమాని అహంకారం ఎంత ఉందో, పనివాని ఆత్మగౌరవం అంతకంటే ఎక్కువ ఉంది. సౌందర్యాన్ని సంపూర్ణంగా తిరస్కరించేవారు ధనికుని శిక్షిస్తున్నామనుకుంటూ శ్రామికుని శిక్షిస్తారు.

ఇక్కడ మన నేల గుర్తుకు రావడం సహజం. ఎనిమిదవ హెన్రీ, శ్రీకృష్ణదేవరాయలు ఒకే సంవత్సరంలో, 1509లో, పాలనకు వచ్చారు. విజయనగరంలో దేవాలయం శిలామయం. రాజప్రాసాదం రాతి అధిష్ఠానంపై కొయ్యతో, ఇటుకతో లేచింది. అందుచేత హంపీలో గుడులు మిగిలాయి, రాజమందిరాలకు అడుగుపీఠాలే మిగిలాయి. ఇంగ్లండులో గుడిరాయి ప్రభువు ఇంటికి నడిచింది. అలాగని మనకు ఆధిక్యభావం తగదు. 18వ శతాబ్ది చివరి సంవత్సరాలలో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త పట్టణం నిర్మిస్తుండగా, శిథిలమైన బౌద్ధ స్తూపపు శిలలను నిర్మాణాలకు తరలించారు. ఆ వార్త విన్న కాలిన్ మెకంజీ అక్కడికి వచ్చాడు. మిగిలిన శిల్పాలలో ముఖ్యమైన భాగాలు నేడు చెన్నైలోను, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలోను ఉన్నాయి. కడింగ్టన్ పునాదిలో పడ్డ మెర్టన్ రాయికీ, అమరావతి కట్టడాల్లో చేరిన స్తూపశిలకూ నడుమ భాషాభేదమే గాని గతిభేదం లేదు.

అయితే ఈ సౌధాలను ఏం చేయాలి? కూల్చడం సమాధానం కాదు. నాన్‌సచ్‌ను 1680లలో దాని యజమానురాలు జూదపు బాకీలు తీర్చుకోవడానికి పడగొట్టించి సామగ్రి అమ్ముకుంది. దానివల్ల కడింగ్టన్ రైతుకు గాని, మెర్టన్ సన్యాసికి గాని దక్కింది శూన్యం. విధ్వంసం పాత అన్యాయానికి పరిహారం కాదు. అది సాక్ష్యాన్ని చెరపడం. కళ్ళు మూసుకుని ఆరాధించడం కూడా సాక్ష్యాన్ని చెరపడమే, కాకపోతే అది మర్యాదగా జరుగుతుంది. కాలక్రమంలో ఈ ఇళ్ళు కొన్ని తమ తలుపులు తెరిచాయి. వొల్లటన్‌ను 1925లో నాటింగ్‌హామ్ నగరపాలక సంస్థ కొన్నది. లేకాక్‌ను 1944లో దాని యజమానురాలు నేషనల్ ట్రస్టుకు దానమిచ్చింది. హార్డ్‌విక్ వారసత్వపు పన్నుకు బదులుగా 1959లో అదే సంస్థకు చేరింది. ఆనాడు రాణికి మాత్రమే తగునన్న మందిరాలలో నేడు బడిపిల్లలు తిరుగుతున్నారు. నాలుగు శతాబ్దాల ఆలస్యంగానైనా తలుపు ప్రయోజనం కొంత నెరవేరింది.

తలుపు తెరవడంతోనే బాధ్యత తీరిపోతుందా అన్నది తరువాతి ప్రశ్న. 2020లో నేషనల్ ట్రస్టు తన అధీనంలోని 93 స్థలాలకు వలసపాలనతోను, బానిస వ్యాపారంతోను ఉన్న సంబంధాలను వివరిస్తూ ఒక నివేదిక ప్రచురించింది. దానిపై తీవ్రమైన వివాదం రేగింది. అందమైన ఇళ్ళను చూడడానికి వచ్చిన వారిని అపరాధభావానికి గురిచేయడం దేనికని కొందరు ఆక్షేపించారు. ఆ ఆక్షేపణను తేలికగా తీసుకోనక్కరలేదు. నెపాలెన్నడం చరిత్ర కాదు. కాని ఇంటికి వచ్చిన అతిథికి ఇంటి సంగతి చెప్పడం నెపమెన్నడం కాదు. నిజం విన్నంతమాత్రాన హార్డ్‌విక్ కిటికీల్లో సాయంకాలపు వెలుగు తగ్గదు.

పాత మేడలు, కోటలు, దివాణాలు, బంగళాలు మన దేశంలోనూ ప్రభుత్వాల సంరక్షణలో అనేకం ఉన్నాయి. వాటికి పహరా పెట్టడం, సున్నం వేయించడం, ప్రవేశరుసుము నిర్ణయించడం పాలకులకు తెలిసిన పనులే. ద్వారం పక్కన నిలిపే ఫలకం మీద ఏం రాయాలన్నదే క్లిష్టమైన పని. కట్టించినవారి పేరు, సంవత్సరం, శైలి రాయడం ఆనవాయితీ. స్థలం ఎవరిదో, రాయి ఎక్కడి నుంచి వచ్చిందో, మోసినవారెవరో తెలిసినంత మేరకు అదే ఫలకం మీద రాయడానికి పెద్ద ఖర్చు కాదు. ట్యూడర్ గుమాస్తాలు సీసాన్ని తూచి రాశారు. వారు రాయకుండా వదిలిన పద్దులను పూరించడం, వారి వారసులైన ఈనాటి గుమాస్తాలు చేయదగిన ప్రాయశ్చిత్తం.